బావిలో నేర్చిన ఈత, ట్రాక్ మీద సాధించిన పరుగు

ప్రశ్న: నా వయసు 29. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. స్పోర్ట్స్ కోటాలో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం వచ్చాక సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాను. పదకొండేళ్లుగా దూరపు పరుగే నా బతుకు. 10,000 మీటర్లను 30 నిమిషాల 20 సెకన్లలో, హాఫ్ మారథాన్‌ను 66 నిమిషాల్లో, మారథాన్‌ను 2 గంటల 21 నిమిషాల్లో పూర్తి చేశాను. గత మూడేళ్లలో కుడికాలి పిక్క ముందుండే ఎముకకు రెండుసార్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి వచ్చే సన్నని చీలిక) వచ్చింది. జాతీయ జట్టులో చోటు ఇక రాదని అర్థమైంది. ఈత, సైకిల్, పరుగు వరసగా ఉండే పొడవు దూరపు ట్రయాథ్లాన్ అయిన ఐరన్‌మ్యాన్ పోటీలు చూస్తుంటే అక్కడ గెలిచేవాళ్లు మారథాన్‌ను 2 గంటల 40 నిమిషాల దరిదాపుల్లో పరిగెత్తుతున్నారు. అది నాకు శిక్షణలో వచ్చే వేగం. ఈత చిన్నప్పుడే బావిలో నేర్చుకున్నాను, సైకిల్ ఎవరైనా తొక్కగలరు. ఉద్యోగం మానేసి రెండేళ్లు పూర్తిగా దీనికే ఇస్తే ప్రొఫెషనల్ ట్రయాథ్లెట్‌ని కాగలనా? మాకు రెండేళ్ల పాప ఉంది. నా భార్య భయపడుతోంది. (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, సికింద్రాబాద్)

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండు మూడుసార్లు చదివాను. పదకొండేళ్లు ఒకే పని మీద ఒళ్లు వంచిన మనిషి, ఆ పనిలో తాను చేరగలిగిన చోటికి చేరిపోయానని తనకు తానే ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనూ ముప్పై ఒకటో ఏట పరుగు నుంచే ఈ ఆటలోకి వచ్చాను, ఆ తర్వాత శిక్షకుడినయ్యాను. అందుకే ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ట్రయాథ్లాన్‌లోకి తప్పకుండా రండి. ఉద్యోగం మాత్రం మానకండి. రెండేళ్లు అనుకున్న లెక్కను కనీసం నాలుగేళ్లుగా మార్చుకోండి. రాబోయే ఆరు నెలల్లో మీ శ్రమలో పెద్ద వాటా పరుగుకు కాకుండా నీళ్లకు ఇవ్వండి.

మీ ఆశకు మూలమైన ఆ మారథాన్ సమయాన్నే మొదట చూద్దాం. 2022లో హవాయి దీవుల్లోని కోనాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను నార్వేకు చెందిన గుస్తావ్ ఈడెన్ గెలిచినప్పుడు ఆయన మారథాన్ సమయం 2 గంటల 36 నిమిషాల 15 సెకన్లు, అంటే కిలోమీటరుకు సుమారు 3 నిమిషాల 42 సెకన్లు. మీరు మారథాన్‌లో కిలోమీటరుకు 3 నిమిషాల 20 సెకన్ల వేగంతో పరిగెత్తారు కాబట్టి కాగితం మీద ఆయన కంటే మీరే చాలా ముందుంటారు. అయితే ఆయన ఆ పరుగును మొదలుపెట్టింది సముద్రంలో 3.8 కిలోమీటర్లు ఈది, లావా రాళ్ల మధ్య ఎండలో, గాలిలో 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, దాదాపు ఐదు గంటలు శ్రమించిన తర్వాత. ఆ 3 నిమిషాల 42 సెకన్లు పరుగు సామర్థ్యానికి కొలత కాదు. ఐదు గంటల తర్వాత కూడా కాళ్లలో, కడుపులో, రక్తంలో ఎంత మిగుల్చుకోగలిగాడనే దానికి కొలత. మీ దగ్గర పరుగు ఉంది. దాన్ని ఆ గంట దాకా మోసుకెళ్లే ఈత, సైకిల్ ఇంకా లేవు.

ఇక ఈత సంగతి. బావిలో నేర్చుకున్నానని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను, ఎందుకంటే నేనూ అలాగే నేర్చుకున్నాను. నడుముకు బెండ్లు కట్టి పెద్దవాళ్లు బావిలోకి తోసేస్తే, ముక్కులోకి నీళ్లు పోతూ, మెట్ల దాకా ఎలాగో చేరుకుని, వారం తిరిగేసరికి మోటబావి గట్టు మీంచి దూకడం మొదలుపెట్టే ఈత అది. నీళ్లంటే భయం పోగొట్టడంలో దానికి సాటి లేదు. కానీ బావి ఈతలో తల నీళ్ల పైనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రాణం నిలుపుకోవడం ముఖ్యం, దూరం కాదు. తల పైకి లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు ఇంకా దిగుతాయి, అప్పుడు మనిషి నీళ్లలో అడ్డంగా కాకుండా ఏటవాలుగా వెళుతుంటాడు. నీరు గాలి కంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. అందువల్ల ఏటవాలుగా ఈదే మనిషి ఎంత బలం పెట్టినా ఆ బలమంతా నీటిని తోయడానికే ఖర్చవుతుంది.

పరుగు నుంచి వచ్చినవాళ్లకు దీనికి తోడు మరో ఇబ్బంది ఉంటుంది. ఏళ్ల తరబడి పరిగెత్తిన చీలమండలు బిగుసుకుపోయి, పాదం వెనక్కి నిటారుగా సాగదు. నాట్యం చేసేవారిలా కాలి వేళ్లు వెనక్కి చూడాల్సిన చోట, మీ పాదం నేలను తన్నడానికి సిద్ధంగా ఉన్నట్టు కిందికి వంగి ఉంటుంది. అలాంటి పాదంతో కాళ్లాడిస్తే ముందుకు కాదు, వెనక్కి వెళతారు. ఇది ఉపమానం కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక మారథాన్ పరుగు వీరుడికి చేతుల్లో నీటిపై తేలే పలక ఇచ్చి, కాళ్లు మాత్రమే ఆడించమని చెప్పాను. పాతిక మీటర్ల పూల్‌లో సగం దూరం కూడా రాకముందే అతను ఆగిపోయాడు, ఆ తర్వాత నా కళ్లముందే అంగుళం అంగుళం చొప్పున వెనక్కి జరిగాడు. గుండె నిమిషానికి 170 సార్లు కొట్టుకుంటోంది, మనిషి మాత్రం వెనక్కి వెళుతున్నాడు. పక్క లేన్‌లో పదేళ్ల పాప ఒకతి మాట్లాడుకుంటూ దాటిపోయింది. అతను గోడ పట్టుకుని నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఇంకా గట్టిగా కొట్టమంటారా అని. పరుగులో ప్రతి ఇబ్బందికీ మనకు తెలిసిన మందు అదొక్కటే, నీళ్లలో సరిగ్గా అదే పనిచేయదు.

కాబట్టి మొదటి మూడు నెలలు దూరం లెక్కపెట్టకండి. గచ్చిబౌలి స్టేడియం ప్రాంగణంలోని యాభై మీటర్ల పూల్ అయినా సరే, మీకు దగ్గరలో ఉన్న పూల్ అయినా సరే, వారానికి ఐదు రోజులు, రోజుకు ముప్పావు గంట చాలు. వారంలో రెండు మూడు రోజులు చేసే గంటన్నర కంటే ఐదు రోజుల ముప్పావు గంట మేలు, ఎందుకంటే నీటి స్పర్శ అనేది రెండు రోజులు దూరమైతే మూడో రోజు మళ్లీ మొదటికి వస్తుంది. ముఖం నీళ్లలో పెట్టి, చూపు నేరుగా అడుగునున్న గీత మీద నిలిపి, ఊపిరిని నీళ్లలోనే బుడగలుగా పూర్తిగా వదిలేయడం మొదటి పాఠం. ఊపిరి అందడం లేదని మీకు అనిపించే ప్రతిసారీ అసలు కారణం, లోపలి గాలిని బయటికి పంపకుండా కొత్త గాలిని పీల్చుకోవాలని చూడటమే. ఆ తర్వాత తల తిప్పడం, భుజం దొర్లించడం, మోచేయి పైకి ఉంచి ముంజేతితో నీటిని వెనక్కి పట్టుకోవడం వరసగా వస్తాయి. తొడల మధ్య పుల్ బాయ్ (తేలే నురుగు ముక్క) పెట్టుకుని ఈదితే కాళ్లు తేలి, ఈత ఒక్కసారిగా తేలికైనట్టు అనిపిస్తుంది. దానికి అలవాటు పడకండి, సరైన స్థితి ఎలా ఉంటుందో శరీరానికి చూపించడానికి మాత్రమే వాడండి. పిల్లలకు ఈత నేర్పే శిక్షకుడి దగ్గర నేర్చుకోవడానికి మొహమాటపడకండి. చిన్న పిల్లల తప్పులను రోజూ దిద్దే కన్నుకు మీ తప్పులు ఇట్టే దొరుకుతాయి.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఒక చిన్న లెక్క. సగం దూరపు పోటీలో, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఉండే పోటీలో, బావి ఈతతో వంద మీటర్లకు 2 నిమిషాల 45 సెకన్లు తీసుకునే మనిషికి ఈత 52 నిమిషాలు పడుతుంది. వంద మీటర్లకు 1 నిమిషం 20 సెకన్లు తీసుకునే వ్యక్తి పాతిక నిమిషాల్లో గట్టెక్కుతాడు. ఆ 27 నిమిషాలను పరుగులోనే రాబట్టుకోవాలంటే మీరు అతని కంటే కిలోమీటరుకు 77 సెకన్లు వేగంగా పరిగెత్తాలి. ఎంత గొప్ప పరుగు వీరుడికైనా అది సాధ్యం కాదు, పైగా నీళ్లలో అలసిపోయి వచ్చినవాడికి అసలే కాదు.

గోవాలో 2019 నుంచి జరుగుతున్న సగం దూరపు ఐరన్‌మ్యాన్ పోటీని మీరు మొదటి లక్ష్యంగా పెట్టుకుంటారని అనుకుంటున్నాను. అక్కడ ఇంకో విషయం గమనించాలి. చల్లటి దేశాల పోటీల్లో వేసుకునే రబ్బరు వెట్‌సూట్ కాళ్లను తేల్చి, పరుగు నుంచి వచ్చినవాళ్ల లోపాన్ని సగం దాచేస్తుంది. నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీలు దాటితే దాన్ని వేసుకున్న ఏజ్ గ్రూప్ పోటీదారులు (వయసు వర్గాల్లో పోటీపడే ఔత్సాహికులు) బహుమతులకు అర్హులు కారు, గోవా సముద్రం అంతకంటే చాలా వెచ్చగా ఉంటుంది. అక్కడ మీ కాళ్లను మీరే తేల్చుకోవాలి. సముద్రపు ఈత సాధన కోసం హుస్సేన్‌సాగర్ సంగతి అటుంచండి, గండిపేటలో గాని హిమాయత్‌సాగర్‌లో గాని దిగకండి. అవి తాగునీటి జలాశయాలు, పైగా రక్షించే మనిషి ఎవరూ ఉండరు. విశాఖ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎంతమందిని బలి తీసుకున్నాయో మీకు తెలిసే ఉంటుంది. ఒంటరిగా ఎప్పుడూ వద్దు. పోటీకి నాలుగైదు రోజుల ముందే గోవా చేరుకుని, నడుముకు తేలే బుంగ కట్టుకుని, తోడుగా ఈదేవాళ్లతో కలిసి ఉదయం పూట అలవాటు చేసుకోండి. ఏడెనిమిది బారలకు ఒకసారి మొసలిలా కళ్లు మాత్రమే నీటి పైకి తెచ్చి, దారి చూపడానికి నీటిపై తేలేలా కట్టిన గుర్తును చూసుకోవడం పూల్‌లోనే సాధన చేసి వెళ్లాలి. నిజం చెప్పాలంటే మీ బావి ఈత అక్కరకు వచ్చేది సరిగ్గా ఇక్కడే. కింద అడుగు కనిపించని నీళ్లంటే మీకు భయం ఉండదు, పూల్‌లోనే పెరిగినవాళ్లు ఆ భయంతోనే మొదటి రెండు వందల మీటర్లలో ఊపిరి తప్పుతారు.

సైకిల్ ఎవరైనా తొక్కగలరని మీరన్నారు. ఎనిమిది గంటల్లో పూర్తి దూరాన్ని ముగించే విజేత కూడా అందులో సగానికి పైగా సమయాన్ని సైకిల్ మీదే గడుపుతాడు. మీలాంటి బలమైన గుండె ఉన్నవారికి ఇక్కడ ఎదురయ్యే ప్రమాదం బలం లేకపోవడం కాదు, బలాన్ని తప్పుగా ఖర్చుపెట్టడం. పరుగులో మీకు అలవాటైన గుండె వేగంతోనే సైకిల్ తొక్కితే మీరు పరిమితి దాటిపోతారు, ఎందుకంటే అదే స్థాయి శ్రమకు సైకిల్ మీద గుండె నిమిషానికి ఐదు నుంచి పదిసార్లు తక్కువగా కొట్టుకుంటుంది. నా మొదటి సగం దూరపు పోటీలో నేను చేసిన పొరపాటు ఇదే. ఈతలో వెనకబడ్డాననే తొందరలో, ఎదురుగాలిలో, నన్ను దాటిపోయిన ప్రతి మనిషినీ తిరిగి దాటాలని తొక్కాను. దిగేసరికి నా సైకిల్ సమయం చూసి నేనే మురిసిపోయాను. పరుగులో నాలుగో కిలోమీటరు దగ్గర తొడ కండరాలు రెండూ ఒకేసారి పట్టేశాయి. జీవితమంతా పరిగెత్తిన నేను మిగతా పదిహేడు కిలోమీటర్లలో చాలాభాగం నడిచాను. ఆ రోజు సైకిల్ మీద సంపాదించిన ఆరు నిమిషాలకు పరుగులో దాదాపు గంట చెల్లించాను.

అందువల్ల మీరు కొనదగిన వస్తువుల్లో ఖరీదైన కార్బన్ సైకిల్ కంటే ముందు ఉండాల్సింది, తొక్కే బలాన్ని వాట్లలో కొలిచే పవర్ మీటర్. మంచి స్థితిలో ఉన్న పాత అల్యూమినియం రోడ్ బైక్, ముందుకు వంగి ముంజేతులు ఆనించుకోవడానికి దానికి బిగించే ఏరో బార్లు, మీ ఒంటి కొలతలకు తగ్గట్టు సీటును, హ్యాండిల్‌ను సరిచేయించుకోవడం, ఈ మూడు మొదటి రెండేళ్లకు సరిపోతాయి. గంటసేపు నిలకడగా నిలపగలిగే గరిష్ఠ వాట్లు ఎన్నో పరీక్షించుకుని, సగం దూరంలో అందులో ముప్పావు వంతు నుంచి 80 శాతం దాకా, పూర్తి దూరంలో 70 శాతం దరిదాపుల్లో నడిపించడం అలవాటు చేసుకోండి. మొదటి గంటలో ఇది మీకు మరీ తేలికగా, అవమానంగా కూడా అనిపిస్తుంది. అలా అనిపించాలి.

మన నగరంలో ఎక్కడ తొక్కాలనేది చిన్న ప్రశ్న కాదు, ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన సౌర పలకల కప్పు ఉన్న సైకిల్ ట్రాక్, నానక్‌రామ్‌గూడ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర, వెరసి 23 కిలోమీటర్లు ఉంది. తెల్లవారుజామున జనం రాకముందు నిలకడైన వాట్ల సాధనకు దానికి మించిన చోటు మనకు లేదు. ఎండకు, వానకు కప్పు ఉండటం వేరే సౌకర్యం. దూరపు ఆదివారాలకు శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్, అనంతగిరి గుట్టల వైపు వెళ్లవచ్చు. చేవెళ్ల వైపు బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల నీడతో మనసును ఎంత లాగినా, ఇరుకైన ఆ దారిలో టిప్పర్ల మధ్య తొక్కవద్దని నా దగ్గర శిక్షణ పొందే అందరికీ చెబుతాను, మీకూ చెబుతున్నాను. మీకు ఇంట్లో పాప ఉంది. ఉదయం నాలుగున్నరకు బయలుదేరి తొమ్మిదిలోపు తిరిగి రండి, వెనక ఎర్ర దీపం పగలు కూడా వెలుగుతూ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో, భారీ వానల రోజుల్లో సైకిల్‌ను కదలకుండా నిలిపే ట్రైనర్ స్టాండుకు బిగించి ఇంట్లోనే తొక్కడం ఓటమి కాదు.

మీ ఎముక గురించి ఇప్పుడు. ఒకే ఎముకకు మూడేళ్లలో రెండుసార్లు చీలిక వచ్చిందంటే దాన్ని అదృష్టం మీదికి, బూట్ల మీదికి నెట్టేయకూడదు. ట్రయాథ్లాన్ మొదలుపెట్టే ముందు స్పోర్ట్స్ మెడిసిన్ వైద్యుడిని కలిసి విటమిన్ డి, కాల్షియం, ఎముక సాంద్రత పరీక్షలు చేయించుకోండి. దానికంటే ముఖ్యంగా, మీరు చేసే శ్రమకు తగినంత తింటున్నారా అన్నది నిజాయితీగా లెక్క వేయించుకోండి. పరుగులో బరువు తగ్గితే వేగం పెరుగుతుందన్న నమ్మకంతో ఏళ్ల తరబడి తక్కువ తిన్నవారి శరీరం, హార్మోన్లను తగ్గించుకుని ఎముకను బలహీనపరుస్తుంది. ఇది ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ వస్తుంది. ఈత, సైకిల్ మీ కాలి ఎముకకు దెబ్బలు తగలకుండా చూస్తాయి గాని దానికి బలాన్నివ్వవు, ఎముకను గట్టిపరిచేది ఒంటి బరువు మోసే పనే. అందువల్ల పరుగును పూర్తిగా మానకండి. వారానికి మూడుసార్లు, మట్టి దారుల మీద, తక్కువ దూరం పరిగెత్తుతూ, రెండు రోజులు జిమ్‌లో బరువులు ఎత్తండి. మీ పరుగు ఎక్కడికీ పోదు. పదకొండేళ్లలో కట్టుకున్న గుండె, ఊపిరితిత్తులు ఈత, సైకిల్ సాధనతోనూ నిలుస్తాయి.

తిండి విషయాన్ని నాలుగో ఆట అని ఈ రంగంలో అంటారు, అది అక్షరాలా నిజం. 1978లో హవాయిలోని ఒవాహు దీవిలో, ఈతగాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, పరుగు తీసేవాళ్లలో ఎవరు గట్టివాళ్లనే వాదన నుంచి నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్ చొరవతో మొదటి ఐరన్‌మ్యాన్ పుట్టింది. 15 మంది మొదలుపెడితే 12 మంది ముగించారు. సైకిల్ దిగేటప్పటికి ముందున్న జాన్ డన్‌బార్‌కు మారథాన్ దారిలో నీళ్లు అయిపోతే, వెంట ఉన్నవాళ్లు బీరు ఇచ్చారు. ఆయన తడబడ్డాడు, గోర్డన్ హాలర్ దాటిపోయి 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. అప్పటికీ ఇప్పటికీ నియమం మారలేదు. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు రెండు వేల కేలరీలు మాత్రమే. మారథాన్‌ను రెండు మూడు గుక్కల నీళ్లతో లాగించిన అలవాటు ఇక్కడ పనికిరాదు. గంటకు 60 గ్రాముల పిండిపదార్థంతో మొదలుపెట్టి, నెలల సాధనతో 80, 90 గ్రాముల దాకా కడుపును అలవాటు చేయాలి. పేగు ఒక్క గ్లూకోజ్‌నే అయితే గంటకు 60 గ్రాములకు మించి పీల్చుకోలేదు. ఫ్రక్టోజ్ కూడా కలిస్తే అది వేరే దారిలో లోపలికి వెళుతుంది కాబట్టి మొత్తం పెరుగుతుంది. మన వంటింటి చక్కెరలో ఈ రెండూ సమపాళ్లలో ఉంటాయి. ముప్పావు లీటరు నీటిలో 60 గ్రాముల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ పిండుకుంటే శిక్షణకు సరిపోయే సీసా ఇంట్లోనే తయారవుతుంది, పొట్లాల్లో వచ్చే పిండిపదార్థపు జెల్‌ల ఖర్చు పోటీ రోజుకు దాచుకోవచ్చు. గంట సాధనకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ, మధ్యలో తాగినదాన్ని కలుపుకుని, లీటరు చెమట లెక్క. అంతకు మించి వట్టి నీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

రెండేళ్లు సరిపోతాయా అని అడిగారు. మీ దారికి దగ్గరి ఉదాహరణ అమెరికాకు చెందిన చెల్సీ సొడారో. ఆమె ట్రాక్ మీద 10,000 మీటర్ల పరుగు తీసిన మనిషి. ఒలింపిక్ జట్టులో చోటు దక్కక 2017లో ట్రయాథ్లాన్‌కు మారారు, పాప పుట్టిన ఏడాదిన్నరకు, 2022లో, కోనాలో తొలిసారి పోటీ చేసి గెలిచారు. అంటే ప్రపంచ స్థాయి ప్రతిభకు కూడా ఐదేళ్లు పట్టింది. ఆస్ట్రేలియాకు చెందిన కామెరన్ వుర్ఫ్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పడవ నడిపి, తర్వాత వృత్తి సైక్లిస్టుగా పెద్ద జట్లకు ఆడి, ఆపైన ఈ ఆటలోకి వచ్చారు. కోనాలో సైకిల్ విభాగం రికార్డును బద్దలు కొట్టినా ప్రపంచ టైటిల్ ఆయనకు దక్కలేదు. ఒక్క ఆటలో ఎంత ఎత్తున ఉన్నా మిగతా రెండు వెనక్కి లాగుతాయని చెప్పడానికే ఈ ఇద్దరి పేర్లు ఎత్తాను.

ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఒలింపిక్స్‌లో, ఆసియా క్రీడల్లో ఉండేది పొట్టి దూరం ట్రయాథ్లాన్, అంటే ఒలింపిక్స్‌లో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. అందులో ఒకరి వెనక ఒకరు గాలి చాటున తొక్కడం అనుమతిస్తారు కాబట్టి, నీళ్లలోంచి మొదటి గుంపుతో బయటపడనివాడి పని అక్కడితో అయిపోతుంది. ఇరవై తొమ్మిదో ఏట ఈత దిద్దుకోవడం మొదలుపెట్టే మీకు ఆ దారి లేదు. పొడవు దూరంలో గాలి చాటున తొక్కడం నిషేధం, ఐరన్‌మ్యాన్‌లో ఏజ్ గ్రూప్ పోటీదారులు ముందున్న సైకిల్‌కు కనీసం 12 మీటర్ల ఎడం పాటించాలి. అందుకే ఈతలో నష్టపోయినవాడు కూడా కొంత రాబట్టుకోగలడు, మీలాంటివారికి ఇది తగిన ఆట అని నేను అనడానికి అసలు కారణం అదే. అయితే ఒలింపిక్స్‌లో లేని ఆటకు మీ సంస్థ సెలవులు, ఇంక్రిమెంట్లు ఇవ్వాలన్న నియమం ఉండకపోవచ్చు. మీ క్రీడాధికారిని కలిసి, పరుగులో మీ విధులు ఎన్నాళ్లు, ఆ తర్వాత ట్రయాథ్లాన్‌కు ప్రత్యేక సెలవు దొరుకుతుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రొఫెషనల్ హోదా జాతీయ సమాఖ్య ద్వారా, ఫలితాలు చూపించాకే వస్తుంది. అది వచ్చినా బహుమతి డబ్బు మొదటి కొన్ని స్థానాలకే దక్కుతుంది. ప్రయాణాలు, సైకిల్, వసతి మీ జేబులోంచే. జీతం రాని రెండేళ్లలో ప్రతి పోటీ మీకు పరీక్షగా మారుతుంది, అలా తొందరపడిన ఎముక మూడోసారి చీలుతుంది. జీతం ఉంటే నేర్చుకోవడానికి తీరిక ఉంటుంది.

మీ భార్య భయాన్ని మీ ఆశయానికి అడ్డంకిగా చూడకండి. ఆమె మీ పదకొండేళ్లనూ దగ్గరుండి చూసిన మనిషి, కట్టు కట్టిన కాలితో మీరు ఇంట్లో కూర్చున్న నెలలు ఆమెకు గుర్తున్నాయి. వారానికి ఎన్ని గంటలు, ఏ పూట, నెలకు ఎంత ఖర్చు అన్నది కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టండి. మొదటి ఏడాది వారానికి పన్నెండు గంటలు చాలు. ఈత, సైకిల్ పాప లేవకముందే అయిపోవాలి, ఆదివారం సాయంత్రం పూర్తిగా వాళ్లది కావాలి. ఏడాది తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ కాగితాన్ని మళ్లీ చూసుకుంటామని మాట ఇవ్వండి.

వచ్చే ఏడాది గోవాలో ఏజ్ గ్రూప్ పోటీదారుగా దిగండి, ప్రొఫెషనల్ అన్న మాట ఆ రోజు దాకా పక్కన ఉంచండి. అక్కడ ఈతను 38 నిమిషాల లోపు, సైకిల్‌ను లెక్క ప్రకారం ముగించి, పరుగును చివరి దాకా నడవకుండా తీయగలిగితే, ఆ మరుసటి ఏడాది మలేషియాలోని లంకావి లాంటి చోట పూర్తి దూరానికి వెళ్లవచ్చు. వేడి, ఉక్క అక్కడ మనకు కొత్త కావు. అంతకంటే ముందు ఈ నెలలోనే ఒక పని చేయండి. పూల్‌లో 400 మీటర్లు మీ శక్తి కొద్దీ ఈది సమయం రాసుకోండి, పది నిమిషాలు విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు ఈది అదీ రాసుకోండి. పెద్ద సమయంలోంచి చిన్నదాన్ని తీసేసి రెండుతో భాగిస్తే, వంద మీటర్లకు మీరు నిలకడగా ఈదగల వేగం వస్తుంది. మూడు నెలల తర్వాత అదే పూల్‌లో, అదే లేన్‌లో మళ్లీ ఈదండి. రెండుసార్లూ వచ్చిన సమయాలను నాకు రాసి పంపండి, ఆ అంకెలను చూశాక సైకిల్ శిక్షణను ఎలా పెంచాలో వివరంగా రాస్తాను.